బావగారి గేర్లూ బ్రేకులూ

కొట్టులో పై కొక్కేనికి వేలాడుతున్న నీలం సైకిలు ఫ్రేముకు స్పానరమ్మ నుదురు మళ్ళీ కొట్టుకుంది. నొప్పి కంటే ముందు బావ గుర్తొచ్చాడు.

ఆ ఫ్రేము బావది. వానలు మొదలవకముందు ముచ్చటపడి కొన్నాడు. వానలు వచ్చి వెళ్ళాయి, చలి కూడా దిగింది, ఫ్రేము మాత్రం కొక్కెం దిగలేదు. దానికి గేర్లు లేవు, బ్రేకులు లేవు, గొలుసు లేదు. ఏవి పెట్టించుకోవాలో బావ ఇంకా తేల్చుకోలేదు మరి.

స్పానరమ్మ అన్నది తండ్రి పెట్టిన పేరు కాదు గానీ తండ్రి వల్ల వచ్చిన పేరే. ఆయన సైకిళ్ళ షెడ్డు నడిపే రోజుల్లో, చంటిపిల్ల ఏడుపు మానాలంటే చేతికి స్పానరు ఇవ్వాల్సి వచ్చేదట. ఇప్పుడు కొట్టు ఆమెది. ఇద్దరు పనివాళ్ళు, గోడ నిండా చక్రాలు, ఎంత కడిగినా గోళ్ళ సందుల్లోంచి పోని గ్రీజు. ఓపిక గల మనిషని వీధిలో పేరు. ఆ పేరు కాస్తా అక్క మొగుడి ధర్మమా అని మంట కలిసేలా ఉంది.

అక్క మొగుడు పళ్ళ డాక్టరు. స్పానరమ్మ స్కూలుకు పోయే రోజుల నుంచీ ఎరిగిన మనిషి కావడంతో ఆమెకు అతనితో చనువెక్కువ, మొహమాటం తక్కువ. అయినా ఈసారి నోరు నొక్కుకుని నెలలు గడిపింది.

రోడ్డు సైకిలుకు గేర్లు మార్చే లీవర్లు, గొలుసును ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టే మీటలు, బ్రేకులు, అన్నీ ఒకే ఇంటి మనుషుల్లా కలిసి వస్తాయి. ఆ మొత్తాన్ని గ్రూప్‌సెట్ అంటారు. ఒక్కో కంపెనీ కింది రకం, మధ్య రకం, పై రకం అని చేస్తుంది. పై రకం తేలిక, కింది రకం కాస్త బరువు. పనిలో తేడా ఉందంటే ఉంది, లేదంటే లేదు. మామూలు మనిషి వస్తాడు, నాలుగు మాటలడుగుతాడు, మధ్య రకం పెట్టించుకుని దారిన పోతాడు. బావ మామూలు మనిషి కాడు.

సాయంత్రం క్లినిక్కు మూయగానే నేరుగా కొట్టుకొచ్చేవాడు. గోడకు ఒక చెక్క బిగించి, దాని మీద రకరకాల లీవర్లను జతలుగా వరసగా పెట్టి ఉంచింది స్పానరమ్మ, కొనేవాళ్ళు నొక్కి చూసుకోవడానికి. బావ స్టూలు లాక్కుని దాని ముందు కూర్చునేవాడు. ఒక కంపెనీ లీవరుకు రెండు రెక్కలు. పెద్దది నొక్కితే గేరు ఒకవైపు మారుతుంది, చిన్నది నొక్కితే ఇంకోవైపు. రెండో కంపెనీకి ఒకటే రెక్క. కొంచెం నొక్కితే ఒకటి, గట్టిగా నొక్కితే ఇంకోటి. మూడో కంపెనీ బొటనవేలి దగ్గర ఒక బుడిపె పెట్టింది. ఇవన్నీ కేబుల్ లాగేవి. ఇవి కాక కరెంటు రకం ఉంది, మౌసు నొక్కినట్టు నొక్కితే చిన్న మోటారు జుయ్‌మని గొలుసును జరిపేస్తుంది. దాన్ని మాత్రం బావ ముట్టుకునేవాడు కాదు. అది సోమరిపోతుల సరుకనేవాడు.

మిగతావన్నీ నొక్కేవాడు. కుడివైపుది నొక్కి ఆగేవాడు. మళ్ళీ నొక్కేవాడు. ఎడమవైపుకు పోయి ఒకసారి నొక్కి, మళ్ళీ కుడివైపుకు వచ్చేవాడు. ఆ టకటకలు వింటూ స్పానరమ్మ వేరే ఎవరి చక్రానికో చువ్వలు బిగిస్తూ, పళ్ళు కొరుక్కునేది. పళ్ళు అరిగిపోతే చూపించుకోవడానికి మళ్ళీ ఈ మహానుభావుడి దగ్గరికే పోవాలని గుర్తొచ్చి మానుకునేది.

బ్రేకుల సంగతి ఇంకో పెద్ద కథ. ఆ ఫ్రేముకు డిస్కు బ్రేకులే పడతాయి, చక్రం అంచును పట్టుకునే పాతరకం బ్రేకులకు దాంట్లో చోటే లేదు. ఈ మాట స్పానరమ్మ ఎన్నోసార్లు చెప్పింది. అయినా బావ వారానికోసారి పాతరకం మంచిదేమో అని మళ్ళీ ఎత్తుకునేవాడు. అది వదిలాక, డిస్కును కేబుల్ లాగితే మేలా, నూనె ఒత్తిడితో నొక్కితే మేలా అనేదానికి దిగేవాడు. నూనె రకానికి ఒక్క వేలు చాలు. కానీ దారిలో చెడితే ఎవడు బాగుచేస్తాడు? కేబుల్ తెగితే ఎక్కడైనా వేసుకోవచ్చు. కానీ కేబుల్‌కు చెయ్యి బలం కావాలి. ఈ ‘కానీ’ దగ్గర ఆగి, తన అరచేతిలోకి చూసుకుంటూ కూర్చునేవాడు. ఆలోచిస్తున్నాడనుకునేది ఆమె.

ఒకసారి నిజంగానే తేల్చాడు. రెండు రెక్కల కంపెనీది, మధ్య రకం. స్పానరమ్మ సంతోషం పట్టలేక అదే పూట టోకు వ్యాపారికి ఫోను చేసి తెప్పించింది. పెట్టె వచ్చింది. బావ వచ్చి, కుడి లీవరు చేతిలోకి తీసుకుని నాలుగైదుసార్లు నొక్కి, మొహం వేలాడేసి, స్ప్రింగు మరీ బిగువుగా ఉంది, వెనక్కి పంపెయ్యమన్నాడు. పంపింది. రెండోసారి ఇంకో కంపెనీది తెప్పించింది. అదీ అంతే. ఆ తర్వాత టోకు వ్యాపారి ఆమె ఫోను ఎత్తడం మానేశాడు.

ఇంకో రోజు, ఆఫీసుకు వెళ్ళడానికి సాదా సైకిలు కావాలని ఒకావిడ వచ్చింది. స్పానరమ్మ లోపల టైరు వెతుకుతున్నంతలో బావ ఆవిడను పట్టుకున్నాడు. గొలుసు ఎక్కడం, దిగడం, లీవరు వాలు, వేలి చివర మీద పడే బరువు, అన్నీ విడమరిచి చెప్పాడు. స్పానరమ్మ బయటికొచ్చేసరికి, ఆవిడ తనకు నడక అలవాటేనని చెప్పి మెట్లు దిగుతోంది.

అన్నిటికంటే ఆమెకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. ఈ తేల్చుకోవడం మొదలైనప్పటి నుంచి మనిషి అసలు సైకిలెక్కడం మానేశాడు. ఇంట్లో పాత సైకిలుంది కదా, అంతదాకా అది తొక్కవచ్చు కదా అంటే, దాని టైరులో గాలి లేదనేవాడు. కొడతానంటే వద్దనేవాడు. కొత్తది వచ్చాకే తొక్కుతానని శపథం పట్టినట్టు కూర్చున్నాడు.

అక్క పరిస్థితి ఇంతకంటే మెరుగేం కాదు. ఆమె డ్రైవింగు స్కూలు నడుపుతుంది. రోజంతా కొత్తవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు మీదే ప్రాణం పెట్టుకుని తిరిగే మనిషి. సాయంత్రానికి ఆమెకు మిగిలే ఓపిక చెంచాడు. ఆ చెంచాడునూ ఇంట్లో గ్రూప్‌సెట్లు తాగేస్తున్నాయి. వంటింటి తక్కెడ మీద గేరు మీటలు తూస్తున్నాడట. అన్నం ముందు కూర్చుని గొలుసుల గురించి ఉపన్యాసమట. పైగా ఇంట్లో పని దగ్గర ఎక్కడలేని బద్ధకం వచ్చిపడిందట. సీసా మూత తియ్యమంటే, నువ్వే తీసుకో అని పేపరు అడ్డం పెట్టుకుంటున్నాడట. చొక్కా పై గుండీలు పెట్టుకోవడానికి కూడా బద్ధకమే.

“నువ్వే ఏదో ఒకటి బిగించెయ్యవే,” అంది ఒకరోజు కొట్టు బల్ల మీద తాళాలు పడేసి. “బిగించాక ఇంకేం పోల్చుతారు? తిడితే నన్ను తిట్టమను.”

స్పానరమ్మకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టయింది. అడక్కుండా ఒకరి సైకిలు ముట్టుకోకూడదన్నది తండ్రి దగ్గర నేర్చుకున్న మొదటి పద్ధతి. ఆ పద్ధతి గుర్తు రాలేదని కాదు. వచ్చింది, కానీ ఆమె పట్టించుకోలేదు. పనివాళ్ళు వెళ్ళిపోయాక కూర్చుని, తనకు తెలిసిన ఒడుపంతా పెట్టి ఆ సైకిలును కూర్చింది. ఇంకో కొట్టు నుంచి అడిగి తెచ్చిన మధ్య రకం, రెండు రెక్కల లీవర్లు. బ్రేకులు కేబుల్‌వి, దారిలో బాగుచేసుకోవచ్చని బావ నోటితోనే అన్నిసార్లు విన్నది కనుక. ముందు బ్రేకు కుడిచేతికి ఉండాలన్నది అతని పాత పట్టుదల, అలాగే పెట్టింది. డిస్కును పట్టుకునే కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా తనే వీధిలో పైకీ కిందికీ తిప్పింది. నిజం చెప్పాలంటే, ఆ ఏడాది ఆమె చేతిలోంచి వెళ్ళిన వాటిలో అంత చక్కటి సైకిలు లేదు.

ఆదివారం ఉదయం అక్క బావను మాయమాటలు చెప్పి తీసుకొచ్చింది. కొట్టు ముందు ఎండలో నీలం సైకిలు నిలబడి ఉంది. వారం వారం కలిసి సైకిళ్ళు తొక్కే బృందం వాళ్ళు నలుగురు చుట్టూ చేరి మెచ్చుకుంటున్నారు. బావ దాన్ని చూశాడు. లీవర్లు చూశాడు. అతని మొహంలో రంగు పోయింది.

కంపెనీ నచ్చలేదనుకుంది స్పానరమ్మ. నచ్చకపోతే చావనీ అని కూడా అనుకుంది.

బాగుందన్నాడు. రేపు తొక్కుతానన్నాడు. ఇవాళ మోకాలు పట్టేసిందన్నాడు. చెప్పులు సరైనవి కావన్నాడు. బృందం వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. అక్క చేతులు కట్టుకుని నిలబడి, కొత్తగా బండి నేర్చుకునేవాళ్ళతో మాట్లాడే గొంతుతో, “ఎక్కండి,” అంది.

ఎక్కాడు.

కొట్టు ముందు వీధి లైబ్రరీ మలుపు దాకా వాలుగా దిగుతుంది. మొదట్లో బానే వెళ్ళాడు. ఎన్నో ఏళ్ళు తొక్కిన మనిషి, వెన్ను వంపు చూస్తేనే తెలుస్తుంది. స్పానరమ్మకు ఒక్క క్షణం ముచ్చటేసింది కూడా. తర్వాత గేరు మారిన చప్పుడు రాకపోవడం గమనించింది. మలుపు దగ్గర పడుతోంది, వేగం తగ్గడం లేదు. వెనక చక్రం మాత్రం కీచుమని అటూ ఇటూ జారింది. ముందు చక్రం ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంది. బావ మలుపు తిరగలేదు. లైబ్రరీ కంచె మొక్కల్లోకి నేరుగా దూసుకుపోయాడు.

వాళ్ళు పరిగెత్తేసరికి మొక్కల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళజోడు విరిగింది, మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది, ఒక చెప్పు ఎక్కడో ఎగిరిపోయింది. అక్క ఎముకలన్నీ తడిమి చూసి, ఏవీ విరగలేదని తేల్చుకున్నాకే ఊపిరి పీల్చుకుంది. బావ లేచి కూర్చుని, అందరికీ వినబడేలా అన్నాడు.

“బ్రేకు పట్టలేదు. ముందు బ్రేకు అస్సలు పట్టలేదు.”

బృందం వాళ్ళు స్పానరమ్మ వైపు తిరిగారు. ఆ చూపే ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. తన చేతిపని మీద మనిషి ప్రాణం పెట్టి వెళ్ళడం, అది మోసం చెయ్యడం అన్నది ఆమె జీవితంలో అంతవరకూ జరగలేదు. ఏ మర వదిలేశాను? కేబుల్ జారిందా? డిస్కుకు గ్రీజు తగిలిందా? సైకిలును భుజాన వేసుకుని ఎవరితోనూ మాట్లాడకుండా కొట్టుకు నడిచింది.

స్టాండుకు ఎక్కించి ప్రతి మరా చూసింది. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. చక్రాన్ని బలంగా తిప్పి లీవరు నొక్కింది. గోడకు కొట్టినట్టు ఆగింది. ఇంకోసారి. మళ్ళీ అంతే. అప్పుడు సైకిలు దింపి, తనే ఎక్కి, అదే వాలులో ఆపకుండా వదిలింది. మలుపు దగ్గర రెండు వేళ్ళతో ముందు బ్రేకు పట్టుకుంటే వెనక చక్రం గాల్లోకి లేచింది. మెట్ల మీద నిలబడిన బృందం వాళ్ళు చూశారు. పైకెక్కి వచ్చి, వాళ్ళలో పెద్దాయనకు సైకిలిచ్చి, మీరూ చూడండి అంది. ఆయనా వెళ్ళి, ఆగి, వచ్చి, బ్రేకుకేం రోగం లేదన్నాడు.

భయం పోయింది. దాని స్థానంలో కోపం వచ్చి కూర్చుంది. నెలల తరబడి బుర్ర తిని, పెట్టెలు వెనక్కి పంపించి, వచ్చేవాళ్ళను తరిమేసి, చివరికి నలుగురి ముందు తన పనిని తప్పుబట్టాడు. ఇవాళ కడిగేస్తాను అనుకుంటూ లోపలికి వెళ్ళింది. అక్క కట్టు కట్టి, కారు తేవడానికి బయటికి వెళ్ళింది. బావ స్టూలు మీద ఒక్కడే కూర్చున్నాడు. లీవర్ల చెక్క అతని ఎదురుగానే ఉంది. దాన్ని చూడటం లేదు.

ఎందుకో తెలీదు, నోటిదాకా వచ్చిన తిట్లు వదిలేసి ఆమె వేరే మాట అంది.

“చెయ్యివ్వు బావా.”

“మీ అక్క కట్టింది కదా.”

“అది మోచెయ్యి. నాక్కావాల్సింది చెయ్యి. కుడిది.”

ఇవ్వలేదు. ఆమే తీసుకుంది. తన చేతిని అతని చేతిలో పెట్టి, నొక్కమంది. నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కమంది.

“నొక్కుతూనే ఉన్నాను,” అన్నాడు బావ.

బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు ఏదో కొంచెం పట్టుకున్నాయి. చివరి రెండు వేళ్ళు ఆమె అరచేతి మీద పరాయివాళ్ళవిలా పడి ఉన్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ గుంట పడిపోయింది. గ్రీజు మరకల తన చేతికీ, తెల్లగా శుభ్రంగా ఉన్న ఆ చేతికీ ఉన్న తేడా చూస్తూ స్పానరమ్మ ఆ గుంటను వేలితో తడిమింది.

అప్పుడు చెప్పాడు. ఎండాకాలంలో మొదలైందట. చిటికెనవేలు తిమ్మిరి. తర్వాత ఉంగరపు వేలు. ఆ తర్వాత పట్టు సడలడం. ఏ నరమో, ఏమై ఉంటుందో డాక్టరుగా తనకు తెలుసు. తెలుసు కాబట్టే ఎవరికీ చూపించుకోలేదు, చూపిస్తే పేరు పెడతారని. క్లినిక్కులో పళ్ళు పీకే పనంతా తన కింద పనిచేసే చిన్న డాక్టరుకు అప్పగించాడు, ఆ పిల్ల చెయ్యి తిరగాలన్న వంక చెప్పి.

“మరి ఇక్కడికొచ్చి రోజూ ఈ లీవర్లు…”

“ఇవాళ నొక్కగలనేమోనని,” అన్నాడు బావ. “ఒక్కో రోజు నొక్కగలిగేవాణ్ణి. తగ్గుతోంది కాబోలు అనుకుని ఇంటికెళ్ళేవాణ్ణి. మర్నాడొస్తే చేతనయ్యేది కాదు.”

“కరెంటుది పెట్టించుకుని ఉండొచ్చు కదా. నూనె బ్రేకులు. చిన్నపిల్లల చేతికి కూడా పడతాయి.”

“పెట్టించుకుంటే ఒప్పుకున్నట్టే కదా.”

స్పానరమ్మకు ఏడుపూ, అతన్ని పట్టుకుని కుదిపెయ్యాలన్న కోపమూ ఒకేసారి వచ్చాయి. అడక్కుండా సైకిలు బిగించి వాలులోకి తోసింది తనే కదా అన్నది వాటి వెనకాలే వచ్చింది. ఆ మాట చెప్పింది కూడా. నొక్కలేనని నేనూ చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నీది కాదన్నాడు బావ. అక్కకు మాత్రం చెప్పొద్దని బతిమాలాడు. తనే చెప్పుకుంటాడట, సమయం చూసుకుని. స్పానరమ్మ రేపటిదాకా గడువిచ్చింది. ఆ లోపు అతను చెప్పకపోతే తను చెబుతానంది.

చెప్పలేదని వేరే చెప్పాలా? మర్నాడు సాయంత్రం మామూలుగా కొట్టుకొచ్చి, ఏ మాటతో మొదలుపెడితే అక్క తక్కువ కంగారు పడుతుందో తేల్చుకోలేకపోతున్నానన్నాడు. ఒకలా చెబితే ఇదీ, ఇంకోలా చెబితే అదీ అంటూ రెండింటికీ మంచిచెడ్డలు ఎత్తడం మొదలుపెట్టాడు. స్పానరమ్మ చేతిలో పని కింద పెట్టింది. పనివాళ్ళకు కొట్టు అప్పజెప్పి, బావను చెయ్యి పట్టుకుని, ఎడమ చెయ్యే, ఇంటికి నడిపించుకుపోయింది. అక్క ముందు నిలబెట్టి, “చెప్పు,” అంది.

విన్నంతసేపూ అక్క కదల్లేదు. అయ్యాక లేచి బయటికెళ్ళి, గుమ్మం ముందున్న డ్రైవింగు స్కూలు కారులో కూర్చుంది. నేర్చుకునేవాళ్ళ సీట్లో కాదు, తన సీట్లోనే. బండి తియ్యలేదు. అద్దంలోంచి ముందుకు చూస్తూ కాసేపు కూర్చుని లోపలికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“సీసా మూత దగ్గర నేనెన్ని మాటలన్నాను మిమ్మల్ని,” అంది. “చెప్పి ఉండొచ్చు కదండీ.”

బావ తల దించుకున్నాడు. అక్క ముక్కు తుడుచుకుని, ఎవరికి చూపించాలో చెప్పండి అనడిగింది. అడిగిందే తడవు బావ తల లేచింది. ఊళ్ళో నరాల సర్జన్లు ముగ్గురట. ఒకాయన మోచేతి దగ్గర పెద్దగా కోసి నరాన్ని జరుపుతాడు. ఇంకొకాయన చిన్న కోతతో సరిపెడతాడు, కానీ మళ్ళీ బిగుసుకునే అవకాశముంది. మూడో ఆవిడ దగ్గరలోనే ఉంటుంది, చెయ్యి మంచిదే, కానీ ఆవిడ కట్టు ఎక్కువ రోజులు ఉంచుతుందట. ఇక్కడ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే…

అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు.

“దగ్గరున్నావిడ,” అంది అక్క. “రేపు పొద్దున్నే. ఇంకొక్క మాట మాట్లాడారంటే నేనే కోస్తాను.”

సర్జనావిడ చూసి, మోచేతి దగ్గర నరం నలుగుతోందని, ఆపరేషను ఆలస్యం చెయ్యొద్దని, ముందే రావాల్సిందని అంది. ముందే రావాల్సిందన్న ముక్కను అక్క ఇంటికొచ్చేదాకా పదేపదే అప్పజెప్పింది. ఆపరేషను బాగా జరిగింది. కట్టు ఉన్నన్ని రోజులు క్లినిక్కు చిన్న డాక్టరే నడిపింది. పనిలేని బావ నేరుగా కొట్టులో మకాం పెట్టాడు.

తన వల్ల మరదలి పనికి చెడ్డపేరు వచ్చిందన్న బాధ అతనికి నిజంగానే ఉంది. అందుకని లోపలికొచ్చిన ప్రతి మనిషినీ ఆపి, ఆ రోజు తప్పు బ్రేకుది కాదని, తన నరానిదని, ఆ నరం భుజం దగ్గర నుంచి ఏ దారిన వస్తుందో, మోచేతి దగ్గర ఎక్కడ ఇరుక్కుంటుందో, కట్టు కట్టిన చెయ్యి ఎత్తి మరీ చూపించేవాడు. చక్రంలో గాలి కొట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళు కూడా అది వినకుండా బయటపడే వీల్లేదు. మూడో రోజుకు స్పానరమ్మ బయటికి పిలిచి, తన పేరు ఇప్పటికే తెల్లగా మెరుస్తోందని, ఇంకా తోమితే అరిగిపోతుందని, దయచేసి ఇంట్లో కూర్చోమని చెప్పింది. అలిగాడు. రెండ్రోజులు రాలేదు. మూడో రోజు కొట్టు బోసిపోయినట్టుందని ఆమే ఫోను చేసి పిలిచింది. పిలిచిన గంటకే పిలిచినందుకు తనను తాను తిట్టుకుంది.

వేళ్ళలో స్పర్శ మెల్లగా వచ్చింది. పట్టు చాలావరకు వచ్చింది, పూర్తిగా రాలేదు. సర్జనావిడ కూడా అలాగే చెప్పింది. పళ్ళు పీకే పని చిన్న డాక్టరుకే ఉండిపోయింది, ఈసారి వంక ఏదీ లేకుండా. తను పిల్లల పళ్ళు, సిమెంటు నింపడం చూసుకుంటున్నాడు. మొదట్లో ఆ మాట ఎత్తితే మొహం చిన్నబోయేది. తర్వాత, జీవితంలో మొదటిసారి పిల్లలు తనను చూసి ఏడవడం లేదని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం వచ్చి స్టూలు మీద కూర్చోకుండా నిలబడే అన్నాడు.

“కరెంటు గేర్లు పెట్టు. నూనె బ్రేకులు.”

స్పానరమ్మ ‘కానీ’ కోసం ఎదురుచూసింది. రాలేదు. ఎక్కడ వస్తుందోనన్న భయంతో, మర్నాటికి వదలకుండా, అప్పటికప్పుడు కేబుళ్ళు ఊడబీకి లాగేసింది. టోకు వ్యాపారికి వేరే నంబరు నుంచి ఫోను చేసింది. సరుకు వచ్చాక, లీవర్లను అతని వేళ్ళకు దగ్గరగా తిప్పి, నొక్కినా నొక్కనట్టుండే ఆ మీట మీద అతని వేలు తనే పెట్టి చూపించింది. మోటారు జుయ్‌మంది, గొలుసు జరిగింది. బావ చాలాసేపు, కుడివైపే, నొక్కుతూ కూర్చున్నాడు. ఈసారి ఆమె పళ్ళు కొరుక్కోలేదు.

గేర్లకు బ్యాటరీ ఉందని, రెండు మూడు వారాలకోసారి చార్జింగు పెట్టాలని, మర్చిపోతే గేరు ఉన్నచోటే ఉండిపోతుందని చెప్పింది. విన్నానన్నాడు. మళ్ళీ చెప్పింది. నేను చిన్నపిల్లాణ్ణా అన్నాడు.

ఎండలు ముదరకముందు ఒక ఆదివారం, ఇద్దరు పనివాళ్ళూ సెలవు పెట్టిన రోజు, కొట్టు నిండా మనుషులున్న వేళ ఫోను మోగింది. బావ ఊరు దాటి, కొండ ఎక్కి, అవతలివైపు దిగాడట. ఇప్పుడు గేరు మారడం లేదట. అన్నిటికంటే బరువు గేరులో ఉండిపోయిందట. ఆ గేరులో కొండ ఎక్కి వెనక్కి రావడం తన వల్ల కాదట. అక్కకేమో క్లాసులున్నాయట.

చార్జింగు పెట్టావా అని అడిగింది స్పానరమ్మ. వినడం మాత్రం విన్నానని గొణిగాడు బావ.

వచ్చినవాళ్ళకు క్షమాపణలు చెప్పుకుంటూ కొట్టు షట్టరు దింపి, వ్యాను తీసింది. దారి పొడవునా తిట్టుకుంటూనే నడిపింది. ఎక్కే మలుపుల్లో తిట్టింది, దిగే మలుపుల్లో తిట్టింది. కొండ కిందికి వెళ్ళేసరికి, రోడ్డు పక్క పిట్టగోడ మీద బావ కూర్చుని ఉన్నాడు. సైకిలు పక్కన ఆనించి ఉంది. ఎండకు మొహం కందిపోయింది. సిగ్గుపడాల్సిన మనిషికి కళ్ళు మిలమిలలాడిపోతున్నాయి.

“బ్రేకులకు చార్జింగు అక్కర్లేదు స్పానరమ్మా,” అన్నాడు. “పైనుంచి ఇక్కడిదాకా దిగాను. ప్రతి మలుపులోనూ పట్టుకున్నాను. కుడిచేత్తోనే.”

ఆమె వెనక్కి తిరిగి, తను వ్యానులో దిగివచ్చిన ఆ మలుపులన్నీ ఒకసారి చూసింది. దారంతా పేర్చుకుంటూ వచ్చిన తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. వ్యాను వెనక తలుపు తీసి, సైకిలు ముందువైపు పట్టుకుంది. వెనకవైపు పట్టమని బావకు సైగ చేసింది. ఇద్దరూ కలిసి లోపలికెక్కించారు.

“ఎక్కు బావా,” అంది. “కొట్టు మూసొచ్చాను.”